మోయ్స్‌కి మనం అన్యాయం చేశామా?

విశాఖ రెడ్:
మేనేజర్ ఫెర్గూసన్ 2013లో రిటైరయ్యాక మన ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చిన మేనేజర్లలో ఎవరు చెత్త అని అడిగితే, ముందు వినిపించేది డేవిడ్ మోయ్స్ పేరే. నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

2014 ఫిబ్రవరిలో ఫుల్‌హమ్ మ్యాచ్ గుర్తుందా? ఆదివారం రాత్రి, హాస్టల్ టీవీ గదిలో ఆరుగురం కూర్చున్నాం. ఫుల్‌హమ్ అప్పటికి పట్టికలో అట్టడుగున ఉంది. మనవాళ్లు ఎనభైకి పైగా క్రాస్‌లు, అంటే మైదానం అంచుల నుంచి గోల్ ముందుకు పంపే బంతులు, వేశారు. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, వాళ్ల డిఫెండర్ తలతో బయటికి కొట్టడం, మళ్లీ అదే. చివర్లో వాన్ పెర్సీ, క్యారిక్ వెంటవెంటనే గోల్స్ కొట్టి 2-1 చేశారు. గది దద్దరిల్లింది. ఇంజరీ టైమ్‌లో డారెన్ బెంట్ సమం చేసేశాడు. ఎవరమూ మాట్లాడుకోకుండా లేచి గదులకు వెళ్లిపోయాం. ఆ రాత్రి మోయ్స్‌ని నేను తిట్టని తిట్టు లేదు.

కానీ ఆయన చేతికి ఏం ఇచ్చారు? ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా ముగ్గురూ చివరి దశలో ఉన్నారు. స్కోల్స్ ఆట మానేశాడు. గిగ్స్‌కి నలభై నిండాయి. ఏళ్ల తరబడి క్లబ్ వ్యవహారాలు చూసిన డేవిడ్ గిల్ కూడా అదే వేసవిలో తప్పుకుంటే, ఆ కుర్చీలో వుడ్‌వర్డ్ కొత్తగా కూర్చున్నాడు. ఫాబ్రెగాస్ కోసం వారాల తరబడి తిరిగి, కొనుగోళ్ల గడువు ఆఖరి రోజు ఫెలైనీని 27.5 మిలియన్ పౌండ్లకు కొన్నారు. నెల ముందే అడిగి ఉంటే రిలీజ్ క్లాజ్ (ముందే రాసుకున్న అమ్మకం ధర) ప్రకారం ఇంకా తక్కువకే వచ్చేవాడు. ఇదంతా మోయ్స్ తప్పేనా? ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి పది నెలలకే పంపించేశారు.

ట్రెబుల్ 99:
విశాఖ అన్నా, గౌరవంగానే చెబుతున్నా, ఒప్పుకోను. ముసలి జట్టు అంటున్నారు కదా, అదే జట్టు అంతకు ముందు సీజన్లో 11 పాయింట్ల తేడాతో లీగ్ గెలిచింది. ఒక్క ఏడాదిలో అందరూ ఆట మర్చిపోయారా?

ఆయన చేసిన పెద్ద తప్పు కొనుగోళ్లలో లేదు. వచ్చీ రాగానే ఫెర్గూసన్ కోచ్‌లైన ఫెలాన్, మ్యూలెన్‌స్టీన్, ఎరిక్ స్టీల్‌లను పక్కనపెట్టి తన పాత క్లబ్ ఎవర్టన్ నుంచి తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఇల్లు తెలిసినవాళ్లను బయటికి పంపి, కొత్తగా వచ్చినవాళ్లతో ఇల్లు నడిపించాలని చూశాడు. మీరు చెప్పిన ఫుల్‌హమ్ మ్యాచ్‌లో అవతలి బెంచీ మీద కూర్చున్నది ఎవరో గుర్తుందా? ఆ మ్యూలెన్‌స్టీనే! మన ఆటగాళ్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చినవాడికి, ఆ క్రాస్‌లను ఎలా ఆపాలో తెలియదా?

లివర్‌పూల్ చేతిలో, మాంచెస్టర్ సిటీ చేతిలో ఇంటా బయటా ఓడాం. 51 మ్యాచ్‌ల్లో 27 గెలుపులు. యునైటెడ్‌కి ఇది సరిపోదు.

డల్లాస్ తెలుగు రెడ్:
అన్యాయం గురించి మాట్లాడాలంటే నేను మోయ్స్ తర్వాత వచ్చిన వాన్ గాల్ పేరు చెబుతాను. 2016లో ఎఫ్ఏ కప్ గెలిచిన రాత్రే ఆయన్ని తీసేస్తున్నారని వార్త బయటికొచ్చింది. రెండు రోజులకు పంపేశారు. ఆయన ఆట చూస్తే నిద్ర వచ్చేది, అది నిజమే. అటూ ఇటూ పాస్‌లే, గోల్ వైపు పోయేది తక్కువ. కానీ గాయాలతో జట్టు ఖాళీ అయినప్పుడు పద్దెనిమిదేళ్ల రాష్‌ఫర్డ్‌ని దించింది ఆయనే కదా! మొదటి మ్యాచ్‌లో రెండు, తర్వాత ఆర్సెనల్ మీద రెండు.

ఆయన తర్వాత వచ్చిన మొరీన్యో సంగతి వేరు. లీగ్‌లో రెండో స్థానం, 81 పాయింట్లు, అంతకు ముందే రెండు కప్పులు. తర్వాత ఆయనే డ్రెస్సింగ్ రూమ్‌ని చెడగొట్టుకున్నాడు. జాలిపడను.

ఓలే అభిమాని:
మీరందరూ మొరీన్యో తర్వాత వచ్చిన ఓలే సోల్షేర్‌ని వదిలేశారు. లివర్‌పూల్ మన ఇంటికొచ్చి 5-0 కొట్టిన రోజు నేనూ ఏడ్చాను. కానీ నాకు అంతకన్నా బాధ 2021 మే నెలలో జరిగిన యూరోపా ఫైనల్. కరోనా రెండో వేవ్, బయట అంబులెన్సుల శబ్దం. పన్నెండున్నరకు తమ్ముడూ నేనూ సౌండ్ బాగా తగ్గించి పెట్టుకున్నాం, అమ్మ లేవకూడదని. పెనాల్టీల్లో మన పదిమందీ కొట్టారు. చివరికి మన గోల్‌కీపర్ డి హేయా వచ్చాడు, అతనిది ఆగిపోయింది. 11-10. ఆ ఒక్కటి లోపలికి వెళ్లి ఉంటే ఇవాళ ఓలేని కప్పు లేని మేనేజర్ అనేవారా? వరుసగా రెండు సీజన్లు మొదటి మూడు స్థానాల్లో నిలిపాడాయన.

విశాఖ రెడ్:
అక్కా, ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు. ఓలే విషయంలో మీతోనే ఉన్నాను.

99 తమ్ముడూ, కోచ్‌ల సంగతి నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అది మోయ్స్ తప్పే, ఇంకెవరి మీదకీ నెట్టలేను. కానీ తర్వాత ఏం జరిగిందో చూడు. వాన్ గాల్‌కి బంతి మన దగ్గరే ఉండాలి, మొరీన్యోకి కౌంటర్ అటాక్ కావాలి. టెన్ హాగ్ వచ్చి దాదాపు 82 మిలియన్లతో ఆంటొనీని తెప్పించుకున్నాడు. అమోరిమ్ వెనక ముగ్గురు డిఫెండర్లే చాలన్నాడు. ప్రతివాడూ ముందువాడు కొన్న ఆటగాళ్లతో తన ఆట ఆడించాల్సి వచ్చింది. ఇలా మేనేజర్లను వరసగా నియమించింది ఎవరు? మోయ్స్ ఏడాది ఏడో స్థానంలో ముగిస్తే పరువు పోయిందన్నాం. 2024-25లో 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగించాం. అప్పుడు క్లబ్‌లో మోయ్స్ లేడు.

ట్రెబుల్ 99:
యాజమాన్యం గురించి మీతో వాదన లేదన్నా. క్లబ్ యజమానులు గ్లేజర్ల మీద నా కోపం మీకు తెలిసిందే. కానీ పైవాళ్లది తప్పయితే కిందివాడిది ఒప్పయిపోదు కదా.

ఒక్క మాట. 2023లో ప్రాగ్‌లో వెస్ట్ హామ్ కాన్ఫరెన్స్ లీగ్ గెలిచాక, అప్పటి వాళ్ల మేనేజర్ మోయ్స్ తన మెడలోని పతకం తీసి ముసలి తండ్రి మెడలో వేశాడు. అది చూసి నా కళ్లూ తడిశాయి, మంచి మనిషి అనుకున్నాను. మన మేనేజర్‌గా మాత్రం నా ఓటు మారలేదు.