అమెరికా బాబాయి కారు, థాంక్స్‌గివింగ్ మెసేజ్

హన్మకొండ పిల్లగాడు: మా బాబాయి ఇక్కడ ఆర్ఈసీలో (ఇప్పటి వరంగల్ ఎన్ఐటీ) చదివి 1970ల్లో డెట్రాయిట్ వెళ్ళాడు. ఏటా నవంబర్ నాలుగో గురువారం ఇంటి గ్రూపులో థాంక్స్‌గివింగ్ (అమెరికా వాళ్ళ కృతజ్ఞతల పండుగ) శుభాకాంక్షలు, వెంటనే తన 1975 షెవర్లే ఇంపాలా ఫొటో పెడతాడు. ఓడ లెక్క ఉంటది. అంత పెద్ద కార్లు ఎందుకు చేసేవాళ్ళు, వాళ్ళకు గల్లీలు లేవా?

కాజీపేట మామ: పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు, అంతే. ఆ ఇంపాలా 18 అడుగులు దాటుతుంది, మన అంబాసిడర్ 14 అడుగుల పైచిలుకే. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడోకైతే 8.2 లీటర్ల ఇంజిన్! కాకపోతే 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి బంకుల ముందు బారులు కట్టారు, జపాన్ చిన్న కార్లకు గిరాకీ పెరిగింది, చివరికి 1977 మోడళ్ళకు జనరల్ మోటార్స్ కూడా పెద్ద కార్లను కుదించింది.

నక్కలగుట్ట: మా నాన్న అంబాసిడర్‌లో తొమ్మిది మందిమి మేడారం జాతరకు పోయినం, ఇంపాలా ఏం లెక్క. వచ్చేటప్పుడు రేడియేటర్ మరిగింది, అది వేరే సంగతి.

హన్మకొండ పిల్లగాడు: సరే, బాబాయికి ఏమని రాయాలి?

కాజీపేట మామ: మీకు కూడా శుభాకాంక్షలని రాసి, ఆ కారు ఎప్పుడు అమ్మారని అడుగు. గంటసేపు ఫోన్ పెట్టడు.