లేబుల్ మీద 4 అంగుళాలు, కొలిస్తే మూడున్నర: ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఫెన్స్ స్తంభాలు పుచ్చిపోతే, మార్చడానికి ఒక పెద్ద స్టోర్‌ నుంచి లేబుల్ మీద 4x4 (రెండు వైపులా 4 అంగుళాలు) అని ఉన్న 10 రెడ్‌వుడ్ పోస్టులు స్పెషల్ ఆర్డర్ మీద తెప్పించాం. పాతవి చిత్రిక పట్టనివి, నిండుగా 4 అంగుళాలు. కాంక్రీటులో దిగిన ఇనప పట్టీలు ఆ కొలతకే ఉన్నాయి. కొత్తవి ఏ వైపు కొలిచినా 3.5 అంగుళాలే. పట్టీలో అరంగుళం ఖాళీ, చేత్తో తోస్తే ఊగుతున్నాయి. చెక్క ముక్కలు దూర్చి బిగించినా నిలవలేదు.

ఆరబెట్టి చిత్రిక పట్టాక 4x4 అంటే మూడున్నరేనని, అది ఇండస్ట్రీ స్టాండర్డ్ అని మేనేజర్ అన్నారు. స్టాండర్డ్ అదే, కాదనను. కానీ అసలు కొలత లేబుల్ మీద గానీ బిల్లు మీద గానీ లేదు. పైగా లేబుల్‌లో అంకెల పక్కన అంగుళాల గుర్తు (") స్పష్టంగా ఉంది. కొనేవాళ్లకు నిజం కొలత చెప్పాల్సిన బాధ్యత స్టోర్‌దే కదా! హెడ్డాఫీసుకు ఫొటోలతో మెయిల్ పెట్టినా అదే జవాబు. స్పెషల్ ఆర్డర్ కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదట.

పాత కేసులు చదివాను. 2014లో ఇదే రాష్ట్రంలో, కలప కొలతల లేబుళ్ల కేసులో లోస్ (Lowe's) అనే ఇంటి సామాన్ల స్టోర్ల కంపెనీ 16 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకుంది. 2017లో ఇల్లినాయ్‌లో మెనార్డ్స్ అనే అలాంటి మరో కంపెనీ మీద వేసిన ఇలాంటి కేసును మాత్రం ఫెడరల్ జడ్జి కొట్టేశారు. అక్కడి లేబుళ్ల మీద అంగుళాల గుర్తు లేదు, మా దాని మీద ఉంది. నా ఆశంతా ఆ తేడా మీదే.

లేబుల్ ఫొటో, బిల్లు, కొలతల ఫొటోలు దాచాను. డబ్బు వాపసు రావాలంటే ముందు కౌంటీ తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయాలా, నేరుగా స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాలు చూసే) కోర్టుకు వెళ్లాలా?