కథలో వణికే పిల్ల, ఆటలో ఇరవై మందిని చంపితే ఎట్లా?

శేషాచలం స్టూడియో:
తిరుపతిలో మేం ముగ్గురం ఖాళీ టైంలో ఒక యాక్షన్ అడ్వెంచర్ గేమ్ చేస్తున్నాం. హీరోయిన్ ఫారెస్ట్ గార్డు కూతురు. ఎర్రచందనం కొట్టేవాళ్లతో పోయిన అన్న తిరిగి రాలేదని శేషాచలం అడవిలో వెతుకుతుంది. తన చేతిలో మొదటిసారి ఒకడు చనిపోయాక ఆ పిల్ల వణికిపోయే సీన్ రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఐదు నిమిషాలు తిరక్కుండానే ప్లేయర్ ఇరవై మందిని పడగొట్టేస్తున్నాడు. మా ఫ్రెండ్ ఆడి చూసి "ఇందాక ఏడ్చింది ఈ పిల్లేనా?" అన్నాడు. ఫైట్లు తగ్గిస్తే ఆట చప్పబడుతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

చిత్తూరు గేమర్:
2013లో వచ్చిన టూంబ్ రైడర్ గేమ్‌లో హీరోయిన్ లారాకీ ఇదే జరిగింది తమ్ముడూ. మొదటి చావుకి కుమిలిపోతుంది, కాసేపటికే గుంపులు గుంపులుగా కాల్చేస్తుంది. కథ ఒకటి చెప్పి ఆట ఇంకోటి చేయిస్తే దాన్ని లూడోనరేటివ్ డిసొనెన్స్ అంటారు, 2007లో గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ బయోషాక్ అనే గేమ్ గురించి రాస్తూ వాడిన మాట. నువ్వు ఆ సీన్ తీయొద్దు, ఇరవై మందిని ముగ్గురు చెయ్యి. ఒక్కొక్కడూ నిజంగా ప్రాణం తీసేలా ఉంటే ముగ్గురు చాలు.

రాత్రి ప్లేయర్:
లెక్క తగ్గిస్తే సరిపోదన్నా, పని మారాలి. ఫారెస్ట్ గార్డు కూతురంటే అడవి తెలిసిన పిల్ల, దాక్కోవడం, దారి తప్పించడం, అడుగుల గుర్తులు చూడడం ఆమె బలం. 2001లో వచ్చిన ఐకో గేమ్‌లో హీరో వెంట నడిచే అమ్మాయి చెయ్యి పట్టుకోవాలంటే బటన్ నొక్కే ఉంచాలి, వదిలేస్తే చెయ్యి జారిపోతుంది. ఒక్క డైలాగ్ లేకుండానే ఆ పిల్ల మీద బెంగ పుడుతుంది. పాత్ర అనేది బటన్‌లో ఉండాలి.

అలిపిరి నడక:
మాటల సంగతి కూడా చూడండి. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ గేమ్‌లో పడవలో పాత్రలు కథ చెబుతుంటే మధ్యలో దిగిపోతాం, మళ్లీ ఎక్కాక ఆపిన చోటి నుంచి అందుకుంటారు. మనం కొండకి నడిచేటప్పుడూ అంతే, అలిపిరి దగ్గర ఒకటే కబుర్లు, మోకాళ్ల పర్వతం వచ్చేసరికి ఆయాసం తప్ప మాట ఉండదు. మీ పిల్ల కొండెక్కుతూ గుక్క తిప్పుకోకుండా డైలాగులు చెబితే ఎవరూ నమ్మరు.

శేషాచలం స్టూడియో:
అందరికీ థాంక్స్. ఆ వణుకుని సీన్‌లోంచి తీసి గురిలో పెడుతున్నా, మొదటి చావు తర్వాత చాలాసేపు బాణం నిలకడగా నిలబడదు, ప్లేయర్ దాక్కోక తప్పదు. ఆదివారానికి గేమ్ కొత్త బిల్డ్ (ఆడి చూసే వెర్షన్) రెడీ చేస్తా, తిరుపతిలో ఉన్నవాళ్లు ఆడి చూసి ఉన్నదున్నట్టు చెప్పండి.