స్మోకింగ్ రూమ్ పొగ హాల్లోకి వస్తోంది, లోపం ఎక్కడ?

40 సీట్ల రెస్టారెంట్. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై ఉన్న 2008 నిబంధనల ప్రకారం 30 సీట్లు, అంతకు మించి ఉంటే విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు కాబట్టి 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తున ఒకటి కట్టారు. తలుపుకి దానంతటదే మూసుకునేలా డోర్ క్లోజర్ ఉంది, బయటి గోడకి 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. అయినా పక్క టేబుళ్ల దగ్గర వాసన పోవట్లేదు.

హాలు వైపు నుంచి తలుపు కింది సందు దగ్గర అగరుబత్తి పట్టి చూశాం. పొగ గదిలోకి లాగాలి కదా. ఏసీ ఆపితే లోపలికే పోతోంది, వేయగానే తిరిగి మన వైపే వస్తోంది. డక్ట్ ఏసీ గాలి ఆ గదిలోకీ వస్తుంది. పైగా గోడ ఫాల్స్ సీలింగ్ దాకానే ఉంది, స్లాబ్‌కి ఇంకా అడుగున్నర ఖాళీ. హాల్లోంచి ఏసీకి తిరిగి వెళ్లే రిటర్న్ గాలి ఆ పైనుంచే పోతుంది.

నిబంధనలు నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలు, గాలి నేరుగా బయటికే పోవడం, లోపల పీడనం మిగతా భవనం కన్నా తక్కువ ఉండటం అడుగుతున్నాయి. గోడని స్లాబ్ దాకా లేపి, ఆ గదికొచ్చే డక్ట్ మూసేస్తే సరిపోతుందా? 720 ఘనపుటడుగుల గదికి ఎంత సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగే) ఫ్యాన్ వేయాలి? డక్ట్ మూసేస్తే, ఫ్యాన్ లాగేసే గాలికి బదులు గాలి తలుపు సందులోంచే రానివ్వాలా, గ్రిల్ పెట్టాలా?

ఈ గది పెట్టి తీరాలని చట్టం అనట్లేదు. ఆ పొగ రోజంతా పీల్చేది వడ్డించే సిబ్బంది. సరికాదంటే తీసేయమనే చెప్పండి.