రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవం నిలదొక్కుకున్నది చక్రవర్తి అండతోనా, సంఘాల బలంతోనా?

చరిత్ర విద్యార్థి:
యూదయలో పుట్టిన ఒక చిన్న సమూహపు విశ్వాసం, 380లో థియోడోసియస్ చక్రవర్తి ఇచ్చిన శాసనంతో సామ్రాజ్యపు అధికారిక మతమైంది. 312లో మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచిన చక్రవర్తి కాన్‌స్టంటైన్ చేరదీయకపోతే ఇది కూడా మిథ్ర ఆరాధనలాగా, ఐసిస్ ఆరాధనలాగా కాలగర్భంలో కలిసిపోయేదని కొందరు అంటారు. అప్పటికే వేళ్లూనుకుంది గనుకనే ఆయన చేరదీశాడని మరికొందరి వాదన. పెద్దలు ఆధారాలతో చర్చించవలసిందిగా మనవి.

శాసనాల పాఠకుడు:
నా దృష్టిలో ఇది అధికారం చేసిన పనే. క్రైస్తవాన్ని స్వేచ్ఛగా ఆచరించుకోనిచ్చిన 313 తర్వాత, జప్తు చేసిన ప్రార్థనా స్థలాలను తిరిగి ఇప్పించారు, మతాధికారులను పౌరవిధుల భారం నుంచి తప్పించారు, 321లో ఆదివారాన్ని విశ్రాంతి దినం చేశారు, 325లో నైసియా సభకు బిషప్పులను ప్రభుత్వ వాహనాల్లోనే రప్పించారు. పట్టణ సభల ఖర్చులు మోయలేక సతమతమవుతున్న కలవారికి పౌరవిధుల మినహాయింపు ఎంత ఆశ కల్పించిందంటే, వారు మతాధికారుల్లో చేరకుండా కాన్‌స్టంటైనే చట్టం చేయవలసి వచ్చింది. 300 నాటికి క్రైస్తవులు సామ్రాజ్య జనాభాలో పదో వంతు ఉంటారన్నది అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ లెక్క. ఆ లెక్కను అలాగే ఒప్పుకున్నా, మిగిలిన తొమ్మిది వంతులను ఒప్పించింది ఎవరు?

పాత గ్రంథాలయం:
శాసనాల పాఠకుడు గారు చెప్పిన చట్టాలన్నీ నిజమే గాని, అన్నీ 313 నాటివీ, ఆ తర్వాతివీ. అంతకు ముందు సుమారు 280 ఏళ్లు ఏ అండా లేకుండా ఈ మతం ఎలా బతికిందో చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

112 ప్రాంతంలో, నేటి టర్కీ ఉత్తర తీరాన ఉన్న బిథినియా-పొంటస్‌ను పాలించిన ప్లీనీ, ట్రాజన్ చక్రవర్తికి ఒక లేఖ రాశాడు. ఈ నమ్మకం పట్టణాలకే కాక పల్లెలకూ పాకిందనీ, గుళ్లు దాదాపు వెలవెలబోయాయనీ, బలి పశువుల మాంసం కొనేవారే కరవయ్యారనీ, తాను చర్యలు మొదలుపెట్టాకే అమ్మకాలు మళ్లీ సాగుతున్నాయనీ అందులో చెప్పాడు. నిజం రాబట్టడానికి అతడు చిత్రహింస పెట్టించింది ఇద్దరు దాసీలను. వారిని సంఘంలో పరిచారికలని పిలుస్తారని కూడా అతడే రాశాడు. యజమానికి వస్తువుతో సమానమైన స్త్రీకి సంఘంలో ఒక బాధ్యత, ఒక పేరు ఉన్నాయన్నమాట. తెలుగు బైబిలులో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే గురించీ, ఊదారంగు పొడి అమ్మే లూదియ గురించీ చదివినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే ఆధారం మాత్రం సోదా జరిపిన అధికారులు రాసుకున్న ఒక జాబితా. డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులను హింసించిన కాలంలో, 303 మే 19న, నేటి అల్జీరియాలో ఉన్న సిర్టా పట్టణంలో మునాటియస్ ఫెలిక్స్ అనే అధికారి క్రైస్తవులు కూడుకునే ఇంటికి వచ్చి, గ్రంథాలు అప్పగించమన్నాడు. అవి చదివేవారి దగ్గర ఉన్నాయని బిషప్పు పాల్ బదులిచ్చాడు. దొరికిన సామానును గుమాస్తా ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. బంగారు పాత్రలు 2, వెండి పాత్రలు 6, దీపాలు, ఆపైన ఆడవారి అంగీలు 82, మేలిముసుగులు 38, మగవారి అంగీలు 16, మగవారి చెప్పులు 13 జతలు, ఆడవారి చెప్పులు 47 జతలు. పుస్తకాల బీరువాలు ఖాళీగా ఉన్నాయి. భోజనాల గదిలో 4 పెద్ద కాగులు, 6 జాడీలు కనిపించాయి. అన్ని జతల చెప్పులు పూజకు అక్కరలేదు. పేదలకు, ముఖ్యంగా దిక్కులేని స్త్రీలకు పంచడానికి దాచినవనే నేను అనుకుంటున్నాను.

సిర్టా ఒక్కచోటే ఇలా ఉందనుకోనక్కరలేదు. 251 ప్రాంతంలో రోమ్ బిషప్పు కొర్నేలియస్ రాసిన లేఖ ప్రకారం, ఆ ఒక్క నగర సంఘంలో 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు (పరిచారకులు) ఉండగా, సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, దీనులు 1,500 మందికి పైగా ఉన్నారు. చక్రవర్తి చేరదీసింది ఇలా అప్పటికే నడుస్తున్న వ్యవస్థను.

శాసనాల పాఠకుడు:
సిర్టా జాబితా గురించి నాకు తెలియదు, చెప్పినందుకు ధన్యవాదాలు. అయినా రెండు అభ్యంతరాలు ఉన్నాయి. సభ్యుల అంత్యక్రియలకు చందాలు పోగుచేసుకునే సంఘాలు రోమన్ పట్టణాల్లో క్రైస్తవులతో పని లేకుండానే ఉండేవి; కాబట్టి పరస్పర సహాయం వారి ఒక్కరి సొత్తు కాదు. రెండోది, 384లో విజయదేవత పీఠాన్ని రోమన్ సెనేట్ భవనంలో తిరిగి నిలపమని పాత దేవతలను కొలిచే సెనేటర్ సిమ్మాకస్ ఎంత వేడుకున్నా ఆస్థానం వినలేదు. 391లో బలులను నిషేధించారు. ఆ వెనువెంటనే అలెగ్జాండ్రియాలో సెరాపిస్ ఆలయాన్ని కూల్చారు. దీన్ని సంఘాల దయాగుణానికి ఫలితం అనలేం కదండీ.

పాత గ్రంథాలయం:
మీ రెండో అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. పాత దేవతల ఆరాధనను అణచివేసింది చట్టమూ, గుంపుల దౌర్జన్యమూనే. దానికి మంచితనపు ముసుగు వేయడం చరిత్రకు ద్రోహం. ఒక మతం పెరగడం వేరు, పక్క మతానికి చోటు లేకుండా చేయడం వేరు. నేను మాట్లాడుతున్నది మొదటిదాని గురించే.

అంత్యక్రియల సంఘాల విషయానికి వస్తే, రోమ్ దగ్గరి లనూవియంలో 136 నాటి శాసనం ఒకటి దొరికింది. డయానా, ఆంటినోయస్ అనే దేవతల భక్తుల సంఘంలో చేరాలంటే 100 సెస్టెర్సులు (రోమన్ నాణేలు), ఒక కూజా మంచి ద్రాక్షసారా ఇచ్చుకోవాలి, ఆపైన నెలనెలా చందా కట్టాలి. బాకీ పడితే అంత్యక్రియల ఖర్చు రాదు. 197 ప్రాంతంలో కార్తేజ్‌కు చెందిన క్రైస్తవ రచయిత టెర్టూలియన్ తమ సంఘపు చందా పెట్టె గురించి రాస్తూ, అందులో ఎవరికి తోచినంత వారు ఇష్టపూర్వకంగా వేస్తారనీ, ఆ సొమ్ము పేదల సమాధులకు, అనాథలకు, ముసలి బానిసలకు, ఓడ మునిగి నష్టపోయినవారికి వెళ్తుందనీ చెప్పాడు. సొంతవారి గొప్ప చెప్పుకున్నాడని కొంత తగ్గించి చదివినా, చందా కట్టలేనివారికీ అందే సహాయం అది.

మరొక్క విషయం. డయోక్లీషియన్ కాలపు హింసను అందరికన్నా పట్టుదలగా నడిపించిన గలేరియస్ చక్రవర్తి, 311 ఏప్రిల్‌లో మరణశయ్య మీద ఉండి, క్రైస్తవులు మళ్లీ కూడుకోవచ్చనీ, తన క్షేమం కోసం, రాజ్యం క్షేమం కోసం వారి దేవుణ్ణి ప్రార్థించాలనీ శాసనం ఇచ్చాడు. అప్పటికి మిల్వియన్ వంతెన యుద్ధం ఇంకా ఏడాదిన్నర దూరంలో ఉంది.