మ'ఒ హౌ హెలె: తెలుగులో ఏమని రాద్దాం?

ప్రశ్న: మాష్టారూ, పిల్లల పత్రికకి హవాయి రాష్ట్ర పుష్పం గురించి రాస్తున్నాను. ఇంగ్లీషులో ఎల్లో హైబిస్కస్ అంటున్నారు. "పచ్చమందారం" అనేస్తే సరిపోతుందా? లేక మ'ఒ హౌ హెలె అన్న అక్కడి పేరే ఉంచాలా?

జవాబు: అక్కడి పేరే ఉంచమ్మా. పచ్చమందారం అనగానే మన పెరట్లో పూసేదే మనసులో మెదులుతుంది. ఇది వేరే జాతి, హవాయి దీవుల్లో తప్ప ఇంకెక్కడా దానంతటది మొలవదు. మేకలూ పశువులూ మేసెయ్యడం, ఎండుగడ్డి అంటుకుని అడవులు తగలబడటం వల్ల చాలా తగ్గిపోయింది. 1994లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది.

ఇక పేరు. మ'ఒ అంటే ఆకుపచ్చ రంగు, అక్కడి అడవిపత్తికీ అదే పేరు. హౌ ఇదే కుటుంబంలోని మరో చెట్టు. హెలె అంటే వెళ్ళడం, నడవడం. మ'ఒలో రెండచ్చుల మధ్య గొంతు చటుక్కున మూసుకుని తెరుచుకుంటుంది. హవాయి భాషలో అదొక హల్లు. మన నోటికి రెండచ్చులు పక్కపక్కనే నిలవవు, మధ్యలో యకారమో వకారమో దూరుతుంది. అందుకని "మవొ" అని రాసేస్తాం. అలా వద్దు, పైన కామా లాంటి గుర్తు పెట్టు. హెలెలో రెండూ హ్రస్వాలే. ఎ, ఏల తేడా మన లిపిలో ఉండటం ఇక్కడ ఎంత కలిసొచ్చిందో చూడు.

మరొకరు: మా వైపు పచ్చ అంటే పసుపే, పచ్చగన్నేరు అన్నట్టు. అసలు పేరులో ఆకుపచ్చ ఉంది కాబట్టి వ్యాసంలో పచ్చ అన్న మాటే వాడకండి, పిల్లలు తికమకపడతారు. "పసుపు పువ్వు" అనండి.

ప్రశ్న: సరేనండీ. మరి పూర్వం దేనికి వాడేవారని రాయను?

జవాబు: దాని చుట్టాల గురించి రాయి, చెప్పుకోవలసింది అక్కడే ఎక్కువ. ముఖ్యంగా హౌ. పొద్దున పసుపుగా విచ్చుకుని సాయంత్రానికి ఎర్రబారి రాలిపోతుంది దాని పువ్వు. బెరడు నారతో తాళ్ళు పేనేవారు. మన గోగునారదీ ఇదే కుటుంబం, ఆ ముక్క తప్పకుండా రాయి. కర్ర చాలా తేలిక, అందుకే పడవ ఒరిగిపోకుండా పక్కన కట్టే తేలుడు దుంగకీ, వలల తేలుళ్ళకీ అదే. నిప్పు పుట్టించడానికి మెత్తటి హౌ కట్టె మీద ఒలొమెయా అనే గట్టి పుల్లతో రాసేవారు. మొగ్గల్ని విరేచనం సాఫీగా అవడానికి తినేవారు. కొకి'ఒ అనే ఎర్రపూల, తెల్లపూల జాతుల్నీ వైద్యంలో వాడేవారు. తెల్లదానికి సువాసన కూడా ఉంటుంది, మందారాల్లో అది బహు అరుదు.

మరొకరు: బొమ్మ విషయంలో జాగ్రత్తండీ. 1923లో మందారాన్ని అధికారిక పుష్పం చేసినప్పుడు ఏ జాతో చెప్పలేదు. అందుకే పోస్టుకార్డుల మీద ఎర్రమందారం బొమ్మే స్థిరపడిపోయింది. ఈ పసుపు పువ్వే రాష్ట్ర పుష్పమని తేల్చింది 1988లో. బొమ్మలో బెండాకులా చీలిన ఆకులు కూడా కనిపించాలి.

జవాబు: మంచి మాట చెప్పారు. అమ్మా, మొదటి వాక్యం ఇలా పెట్టి చూడు: "మ'ఒ హౌ హెలె హవాయి దీవుల్లో మాత్రమే పుట్టిన, పసుపు పూలు పూసే మందార జాతి."