పంచాయతీ సెక్రటరీ ఉద్యోగం వదిలేసి గ్రూప్-1కు కూర్చోవచ్చా?

మోరీఫొటో:
నాకు 31. తెలంగాణలో 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా 15 వేల జీతంతో చేరాను. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది, ఇప్పుడు రెగ్యులర్. పొద్దున్నే మోరీల (మురుగు కాలువల) దగ్గర ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. తర్వాత చెత్త ట్రాక్టర్, మొక్కల నర్సరీ, ఇంటి పన్నులు. పుస్తకం తెరిచేసరికి రాత్రి పది దాటుతుంది, రెండో పేజీకే కళ్లు మూతలు పడతాయి. 2024 గ్రూప్-1లో తొలి దశ ప్రిలిమ్స్ దాటి మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయాను. రాజీనామా చేసి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకుందామని ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పెన్నుపోటు:
వదిలేయ్ తమ్ముడూ. నేను బ్యాంకు క్లర్కు ఉద్యోగం మానేసే రాశాను, గ్రూప్-2 కొట్టాను. మెయిన్స్ అంటే ఇంగ్లిష్ కాక ఆరు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు. రోజూ చేత్తో రాసే అలవాటు లేకపోతే సగం పేపర్లోనే వేళ్లు మొరాయిస్తాయి. ఆ ప్రాక్టీసు డ్యూటీ చేస్తూ కుదరదు.

మూడుసార్లు:
మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నవాణ్ణి నేనే, కాబట్టి చెబుతున్నా. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ రాగానే ఉద్యోగం మానేశాను. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాసి క్వాలిఫై అయ్యాను. పేపర్ లీకైందని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ రాశాం, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్ 9న మళ్లీ పెట్టారు. ఈసారి నాకే పోయింది. గెలిచినవాళ్లకు కూడా నియామక పత్రాలు చేతికొచ్చింది 2025 సెప్టెంబర్‌లో. నా చదువులో లోపముంటే నన్ను తిట్టుకుంటాను, ఈ మూడున్నరేళ్లలో ఎక్కువ భాగం ఎవరి ఖాతాలో రాయను?

చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుంటూ ఐదు రూపాయల భోజనం లైన్లో నిలబడేవాణ్ణి. ఒకరోజు మా పాత ఆఫీసు అటెండర్ కొడుకు వెనక నుంచి “సార్, మీరా?” అన్నాడు. ఆ రోజు ప్లేటు పట్టుకుని గోడవైపు తిరిగి తిన్నాను.

నర్సమ్మ:
అన్నయ్యా, పెళ్లయిందో లేదో రాయలేదు మీరు. మా ఆయన మూడేళ్లు చదివారు, నా జీతంతోనే ఇల్లు గడిచింది. డబ్బుకు ఎలాగో సర్దుకున్నాం. చుట్టాల పెళ్లికి వెళ్తే “ఏం చేస్తున్నావు బాబూ?” అంటారు చూడండి, దానికే ఆయన పెళ్లిళ్లకు రావడం మానేశారు. చదవొద్దని కాదు, ఇంట్లో చెప్పకుండా మాత్రం చేయకండి.

ఫైలుబాబాయ్:
రాజీనామా ఆమోదిస్తే ఇన్నేళ్ల సర్వీసు పోతుంది. డిపార్ట్‌మెంట్ అనుమతితో రాసి సెలక్టయితే పాత సర్వీసు కలుస్తుంది. ముందు జీతం లేని సెలవు అడుగు. ఇస్తారో లేదో పై అధికారి దయ, కానీ అడగడానికి పోయేదేముంది? 2024లో వయోపరిమితి 46కు పెంచారు కానీ అది రెండేళ్లకే, వచ్చే నోటిఫికేషన్‌లో ఎంతుందో చూసుకో.

పెన్నుపోటు:
బాబాయ్, సెలవు పెట్టినవాడు వెనక్కి పోవచ్చన్న ధీమాతోనే చదువుతాడు. మా రూమ్‌లో ఒకడు అలాగే ఏడాదంతా నిద్రపోయాడు.

మూడుసార్లు:
వాడు రాజీనామా చేసినా నిద్రపోయేవాడే అన్నా. ధీమా లేకే మూడో ప్రిలిమ్స్‌లో నా చెయ్యి వణికింది. ఓఎంఆర్‌లో ఒక ప్రశ్న జవాబు పక్క ప్రశ్నకు దిద్దేశాను, అక్కణ్నుంచి వరసంతా తప్పింది.

మోరీఫొటో:
అందరికీ థాంక్స్. పెళ్లయింది అక్కా, పాపకు రెండేళ్లు. ఇంటి ఖర్చు, గది అద్దె కలిపి లెక్కేస్తే దాచుకున్నది పద్నాలుగు నెలలకు సరిపోతుంది. మూడున్నరేళ్ల కథ చదివాక ఆ అంకె మళ్లీ మళ్లీ చూసుకున్నా. సోమవారం సెలవు అర్జీ ఇస్తా. కుదరదంటే ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు, పెన్నుపోటు అన్న చెప్పింది కూడా బుర్రలోంచి పోవట్లేదు. ఈ రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెబుతా.